పుల్లరి గొట్టం

ఆ రోజు మొర్రిగుంపులో టీవీ చూసింది తొమ్మిది మంది. భయపడింది మాత్రం ఊరు ఊరంతా.

టేకులపల్లి దాటాక అడవిలోకి తిరిగే మట్టిరోడ్డు చివర ఉంటుంది మొర్రిగుంపు. నలభై ఇళ్లు, ఒక బడి, హీరాలాల్ కిరాణా కొట్టు. టీవీ ఉన్నది ఆ కొట్లోనే. క్రికెట్ ఉన్న రోజున తప్ప దాని ముందు ఎవరూ నిలబడరు. కానీ ఆ రోజు బడ్జెట్టు అని, పన్నులు పెరుగుతున్నాయని పొద్దుటి నుంచీ ఫోన్లలో ఒకటే గోల. ఉప్పు ప్యాకెట్టు కోసం వెళ్లిన ముత్తక్క కూడా గుమ్మం పక్కన నిలబడిపోయింది. తెర మీద ఒక పెద్దమనిషి మధ్యమధ్య నీళ్లు తాగుతూ గంట నుంచి చదువుతున్నాడు. లక్షల కోట్లంటాడు, శాతాలంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు బల్లలు చరుస్తారు, మళ్లీ చదువుతాడు. ముత్తక్కకు అందులో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. పన్ను అన్న మాట మాత్రం వచ్చినప్పుడల్లా చెవిన పడింది.

"ఏమంటున్నడు హీరన్నా?" అని అడిగింది.

హీరాలాల్ చెడ్డవాడు కాదు. నోటికి మూత లేనివాడు, అంతే. పైగా ఆ కొట్టు ముందు నిలబడ్డవాళ్లలో కాస్త చదువుకున్నవాడు తానొక్కడే కాబట్టి, తెలియనిదాన్ని కూడా తెలిసినదాని కంటే గట్టిగా చెబుతాడు.

"ఏమంటడక్కా, అన్నీ పెంచిన్రు. ఇంటి పన్ను పెంచిన్రు, బండి పన్ను పెంచిన్రు, రిజిస్ట్రేషన్ పెంచిన్రు. మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇగ గాలొక్కటే మిగిలింది. పాత బాకీలు గూడ వదలరంట. ఎక్కడెక్కడియి తవ్వి తీస్తరంట."

"పాతయంటే ఎప్పటియి?"

"ఎప్పటియైతేంది? మనుషులు సస్తరు గని సర్కారు లెక్క సస్తదా అక్కా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. ముత్తక్క నవ్వలేదు. టీవీలో ఆ పెద్దమనిషి చెప్పింది పట్నంలో పెద్ద పెద్ద కంపెనీలు ఎగ్గొట్టిన బకాయిల గురించి. ఆ సంగతి హీరాలాల్‌కు తెలియదు, తెలిసినా చెప్పేవాడు కాదు, చెబితే నవ్వు రాదు కదా. ముత్తక్క ఉప్పు ప్యాకెట్టు కొట్లోనే మరిచిపోయి ఇంటికి నడిచింది. ఇంట్లోకి రాగానే తలెత్తి దూలం వంక చూసింది.

ఆ దూలానికి మూరెడు పొడవున్న వెదురు గొట్టం ఒకటి వేలాడుతుంటుంది. పొయ్యి పొగకు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆమె కాపురానికి వచ్చేనాటికే అది అక్కడ ఉంది. మూతికి గుడ్డ కుక్కి, తాడు చుట్టి, మామ దాన్ని కంటికి రెప్పలా కాపాడేవాడు. వానాకాలం ఇల్లంతా కారుతున్నా ముందు గొట్టం తడవకుండా చూసి, తరవాతే మనుషుల సంగతి చూసేవాడు. అందులో ఉన్నవి పుల్లరి రశీదులు.

పుల్లరి అంటే అడవి పన్ను. వెనకటి రోజుల్లో అడవిలో గొడ్డు మేస్తే పన్ను, పోడు కొట్టి జొన్న చల్లుకుంటే పన్ను. ముత్తక్క మొగుడు జంపయ్యకు తాత అయినవాడు కట్టాడు. తాత తరవాత జంపయ్య తండ్రి కొన్నేళ్లు కట్టాడు. ఆ తరవాత అడగడానికి ఎవరూ రాలేదు. ఎత్తేశారో, మరిచిపోయారో వీళ్లకెవరూ చెప్పలేదు. వసూలు చేయడానికి వచ్చేవాడికి ఉన్న తీరిక, ఇక కట్టక్కర్లేదని చెప్పేవాడికి ఎక్కడుంటుంది?

మామకు ఆ గొట్టమంటే ఎంత ప్రాణమో, అత్తకు అంత భయం. చిన్నప్పుడు ఆమె పుట్టింటికి పుల్లరి జవాను వచ్చాడట. తండ్రి రెండు దూడలను వాగు మలుపులో దాచి, ఉన్నవి ఇవే దొరా అని చేతులు జోడించాడట. తల్లి కోసం ఒక దూడ అరిచింది. జవాను నవ్వుకుంటూ వాగులోకి దిగాడు. దాచినందుకు రెండింతలు వేసి, కట్టలేకపోతే అరకకు కట్టే ఎద్దునే తోలుకుపోయాడు. ఆ ఏడు ఎద్దు స్థానంలో అమ్మ కాడి మోసిందని అత్త చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చివర ఒక మాట అనేది. "దాచేదాని కంటె లేకుంటనే మంచిదే పిల్లా. దాచింది దొరికితె రెండింతలు."

అత్త పోయి పదేళ్లయింది. ఆ మాట మాత్రం ముత్తక్క దగ్గరే ఉండిపోయింది.

మామ పోయి ముప్పై రెండేళ్లు. ఆయన ఉండగా కట్టనివి వదిలేసినా ముప్పై రెండేళ్ల పుల్లరి, పైగా పెంచిన రేటు. ముత్తక్కకు చదువు రాదు గానీ ఆ లెక్క మాత్రం వేళ్లు మడవకుండానే తేలిపోయింది. అంత డబ్బు తాము ఎప్పటికీ కట్టలేరు. కట్టలేనివాడి దగ్గర ఏం తోలుకుపోతారు? ఎద్దులు ఎప్పుడో అమ్మేశారు. ఉన్నదల్లా వాగు ఒడ్డున రెండున్నర ఎకరాల పోడు చేను. ఒక పక్క పత్తి, ఒక పక్క కందులు, గట్టు మీద మూడు ఇప్పచెట్లు. దానికి పట్టా లేదు. పట్టా కోసం జంపయ్య రెండుసార్లు అర్జీ పెట్టాడు, రెండుసార్లూ జవాబు లేదు. పైనున్న చేలకు నిరుడు ఫారెస్టు వాళ్ల కందకాలు పడ్డాయి. వాళ్లు ఇప్పుడు కూలికి పోతున్నారు. ఆ చేను పోతే తాము కూడా అంతే.

జంపయ్య ఊళ్లో ఉంటే ఈ భయం ఇద్దరూ చెరి సగం పంచుకునేవాళ్లు. అతను కూలీల ముఠాతో మధిర వైపు మిర్చి ఏరడానికి వెళ్లి అప్పటికి వారం. ముత్తక్క సిగ్నలు కోసం గుట్టెక్కి రెండు రోజులు వరసగా ఫోన్ చేసింది. ఆ ఫోన్ ఎప్పుడు చార్జింగు ఉండి చచ్చింది గనక! స్విచ్చాఫ్ అని ఒక ఆడపిల్ల మర్యాదగా చెప్పింది, ముత్తక్క ఆ పిల్లనే నాలుగు తిట్టి గుట్ట దిగింది.

ఈలోగా ఊరు ఊరికే లేదు. రేకుల ఇంటికి ఎక్కువ, పాక ఇంటికి తక్కువ వేస్తారని ఎవరో అన్నారు. ఊరి పెద్ద దూలయ్య నిరుడే వేయించుకున్న కొత్త రేకుల మీద తాటాకు కప్పించాడు. ఎండలో రేకు మెరుస్తూ ఆకు సందుల్లోంచి కనబడుతూనే ఉంది, అయినా ముసలాయనకు అదో ధైర్యం. జమ్లి అనే ఆమె రెండో వాకిలికి అడ్డంగా పేడకళ్లతో గోడ పెట్టింది, తలుపుకొక పన్నట. ఒకతను బైకును తుప్పల్లోకి తోసి, మర్నాడు ఎక్కడ తోశాడో తెలియక పూటంతా వెతుక్కున్నాడు. వీటికి నవ్వొచ్చేది దూరాన ఉన్నవాళ్లకు. లోపల ఉన్నవాళ్లకు రాత్రిపూట అన్నం సయించలేదు.

ఆ మంటలో ఆజ్యం పోసింది ఫ్లోరెన్స్. పాపం, పోస్తున్నానని కూడా ఆ అమ్మాయికి తెలియదు.

ఫ్లోరెన్స్ పంచాయతీ సెక్రటరీ. సొంత ఊరు ఖమ్మం అంచున ఖానాపురం హవేలి. టేకులపల్లిలో గది కిరాయికి తీసుకుని, స్కూటీ మీద నాలుగు గూడేలు తిరుగుతుంది. మెడలో చిన్న సిలువ, భుజాన పెద్ద సంచీ, ఆ సంచీలో ఇంటి పన్ను రశీదు పుస్తకం. మార్చి నెలాఖరు ముంచుకొస్తోంది. నూటికి నూరు శాతం వసూలు కావాలని పైనుంచి రోజుకు మూడుసార్లు ఫోన్. ఆ శుక్రవారం పొద్దున ముత్తక్క వాకిట్లో బండి ఆపి, దిగకుండానే మాట్లాడింది.

"అక్కా, ఇంటి పన్ను ఈసారి కొంచెం పెరిగింది. ఉన్నదా ఇప్పుడు?"

ముత్తక్క కొంగుముడి విప్పి ఇచ్చింది. ఫ్లోరెన్స్ బండి హ్యాండిలు మీదే పుస్తకం పెట్టి రశీదు రాసి, చించి చేతిలో పెట్టింది.

"ఇంకొకటి అక్కా. బుధవారం బడి కాడికి సార్లు వస్తున్నరు. అందరూ ఉండాలె. ఇంట్లో పాత కాగితాలు ఏమున్నా బయటికి తీసి పెట్టుకోండి. చేను ఎవరిది, ఎప్పటి నుంచి చేస్తున్నరు, అన్నీ చూస్తరు. ఎంత పాతయైతే అంత..."

అక్కడ ఫోన్ మోగింది. ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "చేస్తున్న సార్, చేస్తున్న సార్" అంటూ బండి తిప్పుకుని వెళ్లిపోయింది. ఎంత పాతవైతే అంత మంచిది అని చెప్పబోయింది. ఆ మంచిది అన్నమాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, పన్ను తీసుకునే చేతికీ చేను సంగతి అడిగే చేతికీ సంచీ ఒకటే అయితే మనిషికి ఏమనిపిస్తుంది? సర్కారు కాగితం అడిగిందంటే పట్టుకుపోవడానికే అడుగుతుంది, ఇవ్వడానికి అడగడం మొర్రిగుంపు ఎన్నడూ చూడలేదు. ముత్తక్క రశీదు మడిచి కొంగున కట్టుకుంది. హీరాలాల్ చెప్పిన పాత బాకీ, ఈ పిల్ల చెప్పిన పాత కాగితం, రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆ సాయంత్రం దూలయ్య వాకిట్లో అందరూ కూడారు. అక్కడ తేలింది ఒక్కటే మాట. ఎవరేమడిగినా లేదు, తెలియదు. చేను ఎవరిదంటే తెలియదు, ఎన్నాళ్లదంటే తెలియదు. కాగితాలుంటే గడ్డివాములో పెడతారో, గుమ్మిలో పెడతారో వాళ్ల ఇష్టం.

"దూలయ్య మామా, ఎతికితే?" అంది ముత్తక్క.

"ఏమెతుకుతరు బిడ్డా, ఇల్లిల్లు ఎతుకుతరా?"

"మా అత్త పుట్టింటి కాడ వాగు గూడ ఎతికిన్రు."

ఆ మాటతో ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ముత్తక్క మాత్రం దాచే చోటు కోసం మూడు రోజులు ఆలోచించింది. గడ్డివామా? చూసే మొదటి చోటు అదే. గుమ్మిలోనా? అందరూ అక్కడే పెడుతున్నారు. భూమిలో పాతిపెడితే కొత్తగా తవ్విన మట్టి తెలిసిపోతుంది. ఎక్కడ పెట్టినా ఆమెకు వాగులో అరిచిన దూడ వినబడేది. దాచేదాని కంటే లేకుంటేనే మంచిది.

సోమవారం పొద్దెక్కాక ఇల్లు గడియ పెట్టుకుని, పీట వేసుకుని గొట్టం దించింది. తాడు ముట్టుకుంటేనే పొడిపొడిగా రాలింది. గుడ్డ లాగితే లోపలి నుంచి పొగ వాసన, దాంతో పాటు మామ వాసన వచ్చినట్టు అనిపించి కాసేపు అలాగే కూర్చుంది. కాగితాలు పదకొండు. కొన్ని తెలుగువి. కొన్నిటి మీద కుడి నుంచి ఎడమకు పాకే వంకర రాత, నవాబు కాలం నాటిది. ప్రతిదాని మీదా గుండ్రటి ముద్ర. ఒక దాని మీద నల్లటి వేలిముద్ర ఉంది. జంపయ్య తాతది అయ్యుండాలి. ఇంత లావు బొటనవేలు. జంపయ్య వేలు కూడా అలాగే పలకగా ఉంటుంది. ముత్తక్క దాని మీద తన వేలు పెట్టి చూసింది. ఆ ముద్రలో సగం కూడా లేదు.

అప్పుడు ఆగి ఉంటే బాగుండేది. ఆగాలని ఆమెకూ అనిపించింది. కానీ మామ దీన్ని ఎందుకు దాచాడో ఆమెకు తెలియదు, అత్త ఎందుకు భయపడిందో తెలుసు. మనిషి తెలిసినదాని వైపే నడుస్తాడు.

అది ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద ఎండుటాకులు ఊడ్చి, కుప్ప చేసి కాలిస్తే నేల నున్నగా అవుతుంది, తెల్లారి రాలిన పువ్వు ఏరుకోవడానికి సులువు. ఆ వారమంతా ఎటు చూసినా అడవిలో సన్నటి పొగలే. ఎవరి చెట్టు కింద ఎవరు ఏం కాలుస్తున్నారో చూసేవాళ్లు ఉండరు. ముత్తక్క గంపలో కాగితాలు పెట్టి, పైన చీపురు పెట్టి, చేను గట్టు మీది పెద్ద ఇప్పచెట్టు కిందికి వెళ్లింది. ఆకులు ఊడ్చింది. అగ్గిపుల్ల గీసింది. మంట బాగా అందుకున్నాక కాగితాలు ఒక్కొక్కటే వేసింది. పాత కాగితం కదా, వేసీ వేయకముందే ముడుచుకుని ఆకుతో ఆకైపోయింది. వేలిముద్ర ఉన్నదాన్ని చివరికి ఉంచింది. వేసేటప్పుడు, "తాతా, చేను కోసమే" అని పైకే అంది.

ఇంటికొచ్చాక దూలం బోసిగా కనబడింది. ఖాళీ చోటు చూస్తే వచ్చినవాళ్లకు అనుమానం రాదా? గొట్టం నిండా సొర విత్తనాలు పోసి, మళ్లీ గుడ్డ కుక్కి, కొత్త తాడుతో ఎప్పటి చోటే కట్టేసింది. ఇప్పుడు ఎవరు విప్పి చూసినా సంసారి ఇంటి విత్తనాల గొట్టం. ఆ రాత్రి ముత్తక్క పదిరోజుల తరవాత కడుపు నిండా తిని పడుకుంది.

బుధవారం బడి వరండాలో బల్ల వేశారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్ద సారు ఒకరు, ట్యాబ్ పట్టుకున్న కుర్ర సారు ఒకరు, పక్కన ఫ్లోరెన్స్. ఊరంతా వచ్చింది. పెళ్లికి కాదు, పంచనామాకు వచ్చినట్టు నిలబడ్డారు.

మొదట దూలయ్యను పిలిచారు. పాత కాగితాలేమైనా ఉన్నాయా అంటే లేవన్నాడు. చేను ఎక్కడుందంటే తెలియదన్నాడు. మీ నాన్న ఎక్కడ దున్నేవాడంటే, "మా నాయిన దున్నిండో లేదో నాకు ఎరికలే సార్" అన్నాడు. తరవాత వచ్చినామె కూడా అదే పాట. మూడో మనిషి అడగకముందే తెలియదన్నాడు. పెద్ద సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమైంది మీకు? పట్టాలు వద్దా?"

నాలుగో మనిషి బల్ల దాకా రాబోయి వెనక్కి తగ్గాడు.

"పెండింగుల ఉన్న మీ అర్జీలన్నీ మళ్లీ తీసినం. ఎన్నేళ్ల సంది చేస్తున్నరో రుజువు చూపిస్తే పోడు చేన్లకు పట్టాలకు రాస్తం. అందుకే పాత కాగితాలు తెమ్మన్నది. చెప్పలేదా మీకు?" అని ఫ్లోరెన్స్ వైపు తిరిగాడు. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. చెప్పింది, సగం చెప్పింది. మిగతా సగం ఏ వాకిట్లోనూ చెప్పడానికి ఫోన్ తీరికివ్వలేదు.

"పన్నుకు గాదా సార్?" అన్నాడు దూలయ్య.

"ఏం పన్ను? పోడు చేనుకు పన్నేంది?"

ఆ తరవాత జరిగింది చూసి తీరాలి. ఊరంతా ఒక్కసారి ఇళ్ల వైపు పరుగెత్తింది. గడ్డివాములు కూలాయి, గుమ్ముల్లోంచి వడ్లు కుమ్మరించుకున్నారు. జమ్లి తన పేడగోడను తానే కాలితో తన్ని పడగొట్టి, దాని వెనక పెట్టిన రేకు పెట్టె తెచ్చుకుంది. దూలయ్య డెబ్భై ఏళ్ల వయసులో నిచ్చెనెక్కి తాటాకుల కిందనుంచి ఒక సంచీ లాగాడు. ఒకరి దగ్గర పాత ఓటరు చీటీ, ఒకరి దగ్గర కోర్టు నోటీసు, ఒకరి దగ్గర ఎప్పటిదో జరిమానా కాగితం. జరిమానా కాగితం చూసి పెద్ద సారు సంబరపడ్డాడు, అప్పుడు ఇక్కడ దున్నినందుకే కదా జరిమానా వేశారు అని.

దాచినవాళ్లు తెచ్చుకున్నారు. ముత్తక్క ఒక్కతే వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది. ఇన్నాళ్లూ ఆమె భయం పొగలాగా ఇల్లంతా తిరిగింది, ఇప్పుడది గడ్డకట్టి గుండెలో కూర్చుంది. ఫ్లోరెన్స్ ఆమెను చూసి దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు పోలేదేంది? నీకు భయమే లేదు. నిరుడు ఇల్లు కొలిచినప్పుడు చూసిన కదా, దూలానికి గొట్టం. పాత రశీదులని జంపయ్యన్న చెప్పిండు. సార్‌కు చెప్పిన నీ సంగతి."

పెద్ద సారు ఆ మాట విన్నాడు. "పుల్లరి రశీదులా? అబ్బ, అంతకన్నా ఏం కావాలమ్మా! పెద్దమనిషి సాక్ష్యం ఒకటి, కాగితం ఒకటి, రెండూ ఉంటే ఎవరూ కాదనలేరు. దూలయ్య సాక్ష్యం చెప్తడు. నువ్వు ఒక్క రశీదు తే, చాలు."

ముత్తక్క చెప్పడానికి స్తంభం వదిలి ముందుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే జంపయ్య వచ్చాడు. మిర్చి ఘాటుకు కళ్లు ఎర్రబారి, చేతులకు ఇంకా ఆ ఎరుపు పోకముందే వచ్చాడు. ముఠాలో పక్క గూడెం మనిషికి ఇంటి నుంచి ఫోన్ వస్తే, పట్టాలకు పాత కాగితాలు చూస్తున్నారని తెలిసి, కూలి డబ్బులు కూడా తీసుకోకుండా బస్సెక్కాడు. కొత్తగూడెంలో దిగి షేర్ ఆటో పట్టుకుని, నేరుగా ఇంటికి పోయి, దూలం నుంచి గొట్టం తెంపుకుని బడికి పరుగెత్తుకొచ్చాడు. ముఖమంతా నవ్వే. పెళ్లినాడు కూడా ముత్తక్క ఆ నవ్వు చూడలేదు.

"తెచ్చిన సార్! మా తాతది. మా నాయిన సచ్చేటప్పుడు గూడ దీని మాటే అన్నడు. ఎన్నడన్న అక్కరకొస్తదిరా, పానం పోయినా ఇడవకు అన్నడు."

"జంపయ్యా, ఆగు" అంది ముత్తక్క. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం ఆమె అలవాటు కాదు.

అతను ఆగలేదు. తాడు కొత్తదని కూడా చూసుకోలేదు. గుడ్డ లాగి, బల్ల మీద గొట్టం బోర్లించాడు. సొర విత్తనాలు జలజలా రాలాయి. బల్ల మీద, ట్యాబ్ మీద, సారు కాగితాల మీద, కింద నేల మీద. జంపయ్య గొట్టాన్ని ఇంకోసారి దులిపాడు. కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూశాడు. తరవాత ముత్తక్క వైపు చూశాడు.

"కాల్చిన" అంది ముత్తక్క. "పుల్లరి బాకీ కింద చేను గుంజుకుంటరనుకున్న. కాల్చిన."

తిడతాడనుకుంది. కొడతాడని కూడా అనుకుంది, ఎన్నడూ కొట్టనివాడైనా. జంపయ్య కింద కూర్చుని విత్తనాలు ఒక్కొక్కటే ఏరి గొట్టంలో వేయసాగాడు. ఆ పలక బొటనవేలితో నేల మీది విత్తనం అందక, రెండుసార్లు జారిపోయి, మూడోసారి దొరికింది. దాన్ని చూసి ముత్తక్క పమిట నోట్లో కుక్కుకుంది.

దూలయ్య ముందుకొచ్చి గట్టిగా సాక్ష్యం చెప్పాడు. ఇందాక తెలియదన్న నోటితోనే, జంపయ్య తాత ఏ రాయి దగ్గర మొదట గొడ్డలి వేశాడో, ఏ ఏడు ఏం పండిందో అన్నీ చెప్పాడు. కుర్ర సారు రాసుకున్నాడు. పెద్ద సారు నుదురు రుద్దుకున్నాడు.

"సాక్ష్యం సరే. కాగితం ఒకటి కావాలె తల్లీ. నెలాఖరు దాక టైముంది. చేనుకు ఎన్నడో ఒకనాడు పన్ను కట్టినట్టు ఒక్క రశీదు. ఎక్కడన్నా ఇంకో ముక్క ఉందేమో చూడు. లేకుంటే నా చేతుల ఏం లేదు."

నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి. పన్నెండు రోజులు వెతికినా బూడిదలో రశీదు మొలవదని అక్కడున్న అందరికీ తెలుసు. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అని హీరాలాల్ పక్కవాడితో అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

సార్ల జీపు వెళ్లిపోయింది. మనుషులు కాగితాలు గుండెలకు పెట్టుకుని ఇళ్లకు పోయారు. ఫ్లోరెన్స్ స్కూటీ దగ్గర నిలబడి సంచీ సర్దుకుంటోంది. కళ్లల్లో నీళ్లున్నాయి, తుడుచుకోవడం లేదు. ముత్తక్క వచ్చి ఆమె ముందు నిలబడింది. కొంగుముడి విప్పింది. అందులో ఉన్నదంతా, నోట్లు చిల్లర కలిపి, బండి సీటు మీద పెట్టింది.

"సెక్రటరమ్మా, నీ కాడ రశీదు బుక్కున్నది గద. నా చేనుకు పన్ను రాయి."

"అక్కా..."

"ఎంతైనా రాయి. పెంచిన రేటే రాయి. ముప్పై రెండేండ్ల సంది రాయి, కడ్త. కూలికి పోయి కడ్త, అప్పు తెచ్చి కడ్త. ఒక్క రశీదు ఇయ్యి."

ఫ్లోరెన్స్ పుస్తకం తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. తిరగేస్తే ప్రతి పేజీ మీదా ఇంటి పన్ను, నల్లా పన్ను, లైటు పన్ను అని అచ్చు వేసి ఉంది. ముత్తక్కకు చదువు రాదు కాబట్టి, ఆ పేజీల్లో ఎక్కడో తన చేను కూడా ఉంటుందని నమ్మి ఆ వేళ్ల వంకే చూస్తోంది. ఫ్లోరెన్స్ చివరి పేజీ దాకా పోయి పుస్తకం మూసింది.

"ఆ చేనుకు పన్ను లేదక్కా."

"అన్నిటికీ పెంచిన్రంట గదమ్మా" అంది ముత్తక్క. గొంతులో కోపం లేదు, బతిమాలడం తప్ప. "నా చేను ఒక్కదానికీ లేదా?"

"లేదక్కా" అంది ఫ్లోరెన్స్.